గింజ నాటిన కన్ను

పొట్టేలు ఎడమకంటికి మాలకొండమ్మ పాత చీరపేలిక కట్టడం డాక్టర్ కుముదిని కిటికీలోంచి చూసింది. చూసి కూడా లేచి వెళ్ళి ఆపలేదు. ప్రయోగంలో ఉన్న జీవాలను అనుమతి లేకుండా ఎవరూ ముట్టరాదని దొడ్డి గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కాని ఆ పొట్టేలు పొద్దుటినుంచి రెండు గొర్రెలను కుమ్మి కింద పడేసింది. నలభై ఏళ్ళు మందవెంట నడిచిన మాలకొండమ్మకు గోడమీది రాతకన్న మందలో నేర్చిన పద్ధతే దగ్గర. పొగరెక్కిన పొట్టేలుకు ఒక కన్ను కట్టేస్తే గురి తప్పుతుంది. రెండు పూటల్లో దారికి వస్తుంది.

ముడి బిగించి ఆవిడ పొట్టేలును వదిలింది. అది నాలుగడుగులు వేసింది. నీళ్ళతొట్టి గట్టుకు మోకాళ్ళు తగిలి ముందుకు తూలింది. లేచి పక్కకు తిరిగింది. ఈసారి నేరుగా వెళ్ళి కంచె రాటకు ముట్టె కొట్టుకుంది. ఆపైన కదలకుండా నిలబడిపోయింది.

కుముదిని చేతిలో కలం ఆగింది. తెరిచి ఉన్నది కుడికన్ను. ఆ కంట్లోనే ఆమె గింజ నాటింది.

"మేడమ్మా! ఒకపాలి ఇట్టా రండి. దీనికి రెండో కన్ను గూడా పోయినట్టుండాదే!"

కుముదిని వెళ్ళి పొట్టేలు ముఖం ముందు అరచెయ్యి ఆడించింది. కుడికంటి రెప్ప వాలలేదు.

"పోలేదు మాలకొండమ్మా. కుడిదే బాగున్న కన్ను. పోతున్నది ఎడమది."

"అయితే ఇన్నాళ్ళూ ఆ పోతుండే కంటితోనే తిరిగిందా ఇది? మరి బాగున్న కన్ను దేనికమ్మా, దిష్టిబొమ్మకు పెట్టినట్టా?"

కుముదిని పొట్టేలు గడ్డం ఎత్తి ఆ కంట్లోకి చూసింది.

కనిగిరికి ఆవల రాళ్ళనేలలో ఉన్న ఆ పరిశోధన కేంద్రంలో ఆమె చేరి పదకొండేళ్ళయింది. ఆ గొర్రెల వంశం మాలకొండమ్మ మందలోదే. పొద్దుగుంకితే కొన్ని పిల్లలు తల్లి అరుపు విని కూడా దొడ్డికి రాలేక బీడులోనే నిలబడిపోయేవి. మొదట రేచీకటి అనుకున్నారు. మూడో ఏటికి వాటికి పట్టపగలూ చూపు ఉండేది కాదు. "పొట్టేలు అందం జూసి ఏడేళ్ళు మార్చలేదమ్మా. దాని కూతుళ్ళకూ అదే మొగుడాయె" అని మాలకొండమ్మ మొదటిరోజే ఒప్పుకుంది. కుముదిని తలవంచుకుని ఆ మాట రాసుకుంది. తన తండ్రి తన తల్లికి స్వయానా మేనమామ అని మాత్రం ఆవిడకు చెప్పలేదు. ఇద్దరు బిడ్డల్లో జబ్బు తమ్ముడికి వచ్చింది, తనను వదిలింది. అట్లా వదలడానికి శాస్త్రంలో ఒక లెక్క ఉంది. కారణం లేదు.

ఆమె తయారుచేసిన గింజ జొన్నగింజలో సగం ఉంటుంది. సన్నని పొరలోపల చిటికెడు జీవకణాలు. అవి నిత్యం కణాలను పెరగమనే ఒక వృద్ధికారకాన్ని స్రవిస్తాయి. కంట్లో నాటితే ఆ ఊట రెటీనాకు చేరి, చావబోయే కణాలను ఇంకా బతకమంటుంది. ప్రతి గొర్రెకూ కుడికంట్లోనే నాటేవారు. పోల్చి చూడడానికి ఎడమకన్నును దాని ఖర్మానికి వదిలేసేవారు. ఏడాది తరవాత కోసి చూస్తే, వెలుగును పట్టే కణాలు ఎడమకంట్లో ఒక్క వరస మిగిలేవి, కుడికంట్లో ఎనిమిది వరసలు. ఆ ఎనిమిదీ మొదటిసారి లెక్కపెట్టిన రోజున కుముదిని సూక్ష్మదర్శిని పక్కకు జరిపి చాలాసేపు ఊరికే కూర్చుంది. ఆ లెక్కమీదనే అయిదుగురు మనుషులకు ఒక్కొక్క కంట్లో గింజ నాటడానికి అనుమతి వచ్చింది. వారిలో మొదటివాడు ఆమె తమ్ముడు కేశవులు. ఏడాదిన్నరగా అతని కుడికంట్లో గింజ ఉంది. వచ్చే గురువారం ఎడమకంట్లో నాటాలి.

గొర్రెలు తడబడకుండా నడవడం అందరూ చూశారు. అవి ఏ కంటితో నడుస్తున్నాయో ఎవరూ అడగలేదు.

"మిగతా పదకొండింటికీ కట్టు" అంది కుముదిని.

"ఈ ఒక్కదానికి కట్టినందుకే తిడతారనుకుంటి. ఇంకా పదకొండుకా? ఉండే చీరలే మూడు తల్లీ."

అయినా ఆవిడ చింపింది, కట్టింది. పదకొండూ తొట్టిగట్టు దగ్గర తూలినవే. ఒక ముసలి గొర్రె సూర్యుడివైపు ముఖం పెట్టి, రెప్ప వాల్చకుండా, నీడలో నిలబడినంత నిమ్మళంగా నిలబడింది.

ఆ మధ్యాహ్నం కుముదిని కిందటి నెల కోసిన కళ్ళ గాజుపలకలను మళ్ళీ బయటికి తీసింది. ఇంతకుముందు వరసలే లెక్కపెట్టింది. ఇప్పుడు ఒక్కొక్క కణాన్నీ చూసింది. వెలుగును పట్టే కణానికి ఒక కొస ఉంటుంది. వెలుగు తగిలేది అక్కడే. ఎనిమిది వరసల్లోనూ ఏ కణానికీ ఆ కొస లేదు. తెగినట్టు లేదు, కుళ్ళినట్టు లేదు. ఇంకా మొలవనట్టు ఉంది. అటువంటి కణాలను తాను ఎక్కడో చూసింది. లేచి బీరువా అడుగు అరలోంచి, చదువుకునే రోజుల్లో తయారుచేసిన ఒక పలక తెచ్చింది. అది పుట్టని గొర్రెపిల్ల కన్ను, తల్లి కడుపులో మూడో నెలది. రెండింటినీ మార్చి మార్చి చూస్తూ కాసేపటికి ఏది ఏదో తెలియక, అంచున అంటించిన చీటీలు చదువుకోవలసి వచ్చింది.

పెరగమన్న మాటను కణాలు విన్నాయి. పెరగడం తెలిసిన కాలానికి, పుట్టకముందటి కాలానికి వెళ్ళిపోయాయి. కడుపులోని కన్నుకు చావు దగ్గరలో లేదు, వెలుగుతో పనిలేదు. ఆమె వాటిని బతకమని అడిగింది. చూడమని అడగలేదు.

అయితే ఒక సంగతి మిగిలిపోయింది. కంటికి మెరుపు చూపించి అందులో పుట్టే విద్యుత్ తరంగాన్ని కొలిచే పరీక్ష ఉంది. గింజ నాటిన కళ్ళలో ఆ తరంగం నెలనెలా తగ్గుతూ వచ్చింది. నివేదికలో ఆమె ఇట్లా రాసింది: "ఈ తగ్గుదల తాత్కాలికం. కణాలు సజీవంగా ఉన్నందున దృష్టి కోలుకుంటుంది." ఆ వాక్యానికి ఆధారం కేశవులు; మిగతా నలుగురికి గింజ నాటి ఇంకా నాలుగు నెలలే. తరంగం ఎంత తగ్గినా అతడు కుడికంటితో అక్షరాల చార్టు చివరి వరసదాకా చదివేవాడు. రెండో కంటికి అనుమతి వచ్చింది ఆ చదువుమీదనే. అసలు ఆ పరీక్ష వేరే వాళ్ళచేత చేయించవలసింది. తమ్ముడు కదా, దూరంనుంచి వస్తాడు కదా అని ప్రతిసారీ తానే కూర్చోబెట్టి చదివించింది.

మర్నాడు ఉదయం ఆమె గుంటూరు బస్సెక్కింది.

మిర్చి యార్డులో కేశవులు కాయ రంగు చూసి రకం తేల్చే పనిలో ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు. ఆమె వెళ్ళేసరికి అతడు ఒక బస్తాలో మోచేతిదాకా చెయ్యి దూర్చి గుప్పెడు కాయలు పైకి తీస్తున్నాడు. ఎదురుగా తలపాగా చుట్టిన రైతు.

"ఇది తేజ రకమే గానీ, వాన తగిలిన తేజ బాబాయ్. మేలు సరుకు, డీలక్సని నాకే అంటగడతావా? పైన నాలుగు గుప్పెళ్ళు మంచివి పోసి కింద ఈ కథ పెట్టావే!"

"నీ కంట్లో కారం కొట్టా! అడుగున ఉండేది గూడా కనపడిందీ?"

"కొట్టు, ఆ ముచ్చటా తీర్చుకో. కారం ఘాటుకు కళ్ళు ఎప్పుడో రాటుదేలినయ్."

రైతు నవ్వాడు. కేశవులు ఒక కాయను ముఖానికి దగ్గరగా ఎత్తి, కోడి గింజను చూసినట్టు తల కుడివైపుకు తిప్పి, ఎడమకంటికి ఎదురుగా పెట్టుకున్నాడు. ఆ తిప్పడం కుముదిని అంతకుముందూ చూసింది. అలవాటు అనుకుంది.

"అక్కా! గురువారం గదా, ఇవాళే వచ్చావేంది?"

ఆమె అతణ్ణి గిడ్డంగి వెనక నీడలోకి తీసుకువెళ్ళింది. తన రుమాలు మడిచి అతని ఎడమకన్ను మీద పెట్టి గట్టిగా పట్టుకుంది. రెండో చెయ్యి అతని ముందు ఎత్తింది.

"ఎన్ని వేళ్ళు?"

"ఏందక్కా, చిన్నపిల్లల ఆట."

"చెప్పరా."

"మూడు."

ఆమె ఎత్తినది పిడికిలి.

 అవతల హమాలీలు బస్తాలు దించుతున్న చప్పుడు. కేశవులే మెల్లగా ఆమె చెయ్యి తొలగించాడు.

"తెల్లగోడ ముందు కూర్చున్నట్టుంటదక్కా. మసక. మనిషి అడ్డమొస్తే తెలుస్తది, ఎవరో తెలవదు."

"ఎప్పటినుంచి?"

"పెట్టిన ఆరో నెల నుంచి."

"మరి చార్టు?"

"నువ్వు అది తగిలించి దీపం సరిచేసుకునేలోపల ఎడమకంటితో చదివేసుకునేవాణ్ణి. ఎన్ని వరసలు గనక? మన ఇస్కూల్లో ఎక్కాలు అట్టాగే గదా అప్పజెప్పింది."

"ఎందుకురా కేశవా? రెండో కంట్లో కూడా పెట్టించుకోవడానికి సిద్ధపడ్డావే, అదీ ఇట్లాగే అయితే?"

అతడు ఆశ్చర్యంగా చూశాడు.

"నువ్వే రాశావు గదా! నీ మరదలు సుభాషిణి ఆ కాగితం చదివి వినిపించింది. ఇప్పుడు తగ్గినా మళ్ళా కోలుకుంటదని. నువ్వు రాశావంటే అయ్యే మాటే. ఇవాళ కాకపోతే రేపు వస్తది, ఈలోపల నీ పని చెడగొట్టడం దేనికని ఊరుకున్నా."

"నేనట్లా రాసింది నువ్వు చార్టు చదివావని."

 అతడు కాళ్ళకింద రాలిన మిరపగింజలను చెప్పుతో పక్కకు నెడుతూ ఉండిపోయాడు. కుముదినికి అమ్మ మాట గుర్తొచ్చింది: ప్రేమగల ఇంట్లో అబద్ధానికి కాళ్ళుండవు, ఒళ్ళో కూర్చునే ఉంటుంది. అప్పట్లో అది నవ్వులాటకు అన్నమాట. తాను నిజాన్ని కొలవడమే వృత్తిగా బతికింది. కాని తమ్ముడు చూడగలడని నమ్మాలనుకున్న క్షణంలో కొలమానం పక్కన పెట్టింది. పెట్టినట్టు తనకే తెలియలేదు. తెలియకపోవడం తప్పును తగ్గిస్తుందా, పెంచుతుందా? తిరుగు బస్సులో ఎంత ఆలోచించినా ఆ ప్రశ్న ఒక కొసకు రాలేదు.

గురువారం శస్త్రచికిత్స ఆగిపోయింది. మిగతా నలుగురికీ విషయం తెలిపి, మొదటి రోగి చార్టు చెల్లదనీ, పరీక్ష జరిపింది తానేననీ అనుమతి ఇచ్చిన కమిటీకి రాసి సంతకం పెట్టింది. తరవాత, ఆ ఊట ఆగితే కణాలకు మళ్ళీ కొస మొలుస్తుందేమో చూడాలని, మూడు గొర్రెల కుడికళ్ళలోంచి గింజలు తీసేసింది.

ఆరో రోజున మాలకొండమ్మ కేక వేసుకుంటూ వచ్చింది. ఎడమకళ్ళు కట్టి ఉన్నా మూడు గొర్రెలూ తొట్టిగట్టు దాటి, చెట్టుకొమ్మ వంచిన చోట ముట్టె ఎత్తి ఆకు అందుకుంటున్నాయి.

"మేలుకున్నయమ్మా కళ్ళు! పండుకుని లేచినట్టు!"

 కుముదిని తేదీ వేసి రాసుకుంది. తొమ్మిది వారాలు ఆ కళ్ళు దివ్యంగా చూశాయి. గింజ నాటిన రోజుకు ఎంత చూపు ఉండేదో అంతా తిరిగి వచ్చింది. పదో వారంలో నాలుగు రోజుల తేడాతో మూడు గొర్రెలకూ కుడికన్ను ఆరిపోయింది. కోసి చూస్తే ఒక్క కణం లేదు. ఎడమకంట్లో అయినా ఒక వరస ఉండేది. జబ్బు గింజ దగ్గర ఆగి కూర్చుని, గింజ తీయగానే తన బాకీ కాలమంతా ఒక్కసారి వసూలు చేసుకున్నట్టయింది.

కోయడానికి ముందురోజు మాలకొండమ్మ మూడింటినీ ఎండలోంచి నీడలోకి తోలుకొచ్చి, "దీనికంటే లేపకపోతేనే బాగుండు" అంది. ఆవిడ ఎవరినీ నిందించలేదు.

మాఘమాసం చివర ఒక ఆదివారం కుముదిని కేశవులు ఇంటికి వెళ్ళింది. అతని భార్య సుభాషిణి పీట వేసి కూర్చోబెట్టింది. కేశవులు ఎడమకంటి చూపు ఈ మూడు నెలల్లో ఇంకా కుంచించుకుపోయి, రూపాయిబిళ్ళంత మిగిలింది. రంగులు తేల్చడం కష్టమై యార్డులో రెండుసార్లు మాట పడ్డాడు.

ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. గింజ తీస్తే తొమ్మిది వారాలు, మహా అయితే పది. ఆ తరవాత ఆ కంట్లో ఏదీ మిగలదు. తీయకపోతే కన్ను బతికే ఉంటుంది, నిద్రలో. చూపు ఉండదు. ఏనాటికైనా ఆ నిద్రను చావు లేకుండా లేపే మార్గం ఎవరైనా కనిపెడితే, అప్పుడు లేపడానికి ఒక కన్ను ఉంటుంది.

"ఎన్నేళ్ళకు వదినా?" అంది సుభాషిణి.

"చెప్పలేను. పదేళ్ళకు కావచ్చు. అసలు రాకనూ పోవచ్చు."

"నీకేమనిపిస్తందక్కా?" అన్నాడు కేశవులు.

"ఉంచుకోమనే అంటాను."

సుభాషిణి ఆమె ముఖంలోకి చూసింది. "ఈ మాట ఆయన అక్కగారుగా చెబుతున్నారా, డాక్టరుగారుగా చెబుతున్నారా?"

అడగడంలో కోపం లేదు. ఆ గదిలో ఆ ప్రశ్న అడగవలసిన మనిషి ఆమే. కుముదిని నిజాయితీగా వెతుక్కుంది. ఈ జబ్బు ఉన్న మనుషుల్లో, రెటీనా ఇంత నిండుగా బతికి ఉన్నది ఆ అయిదు కళ్ళలోనే. అందరికంటె ముందు గింజ పడ్డది ఈ కంట్లో. దాన్ని పోగొట్టుకోవడం పదకొండేళ్ళ పనిని పోగొట్టుకోవడం. తమ్ముడి కన్ను మీద ప్రేమా, తన ప్రయోగం మీద ప్రేమా ఒకే పాత్రలో పోసిన నీళ్ళలా కలిసి ఉన్నాయి. వేరుచేసే పద్ధతి ఆమె చదివిన ఏ శాస్త్రంలోనూ లేదు.

"తెలియదమ్మా" అంది. "అందుకని నా మాట పక్కన పెట్టండి."

కేశవులు నవ్వాడు. "ఇంతకాలానికి మా అక్క నోట తెలియదన్న మాట! సుభాషిణీ, తారీకు రాసి పెట్టు." తరవాత నవ్వు ఆపి, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని నిదానంగా అన్నాడు. "బతికున్న కన్ను నాకెందుకక్కా? చూసే కన్ను కావాలి. రేపో ఎల్లుండో కొత్త పంట యార్డుకు దిగుతది. పది వారాలంటే సీజను నిండా. ఈ ఒక్క సీజను నేను నిలబడి సుభాషిణికి పని నేర్పిస్తా. ఆమె కళ్ళకేం రోగం? రంగు నేర్చుకుంటే రేపు ఇంట్లో పొయ్యి వెలుగుతది."

"ఆడదానికి ఎవరిస్తారండీ ఆ పని?"

"రెండు బస్తాలు తప్పు చెప్పకుండా చెప్పు, చచ్చినట్టు ఇస్తారు."

గింజ తీశారు. వేరే ఊరి వైద్యుడు తీశాడు. చార్టు పరీక్షలు వేరే మనిషి చేశాడు. కుముదిని గది బయట బల్లమీద కూర్చునేది. ఏడోరోజు ఉదయం కేశవులు ఆస్పత్రి మెట్లు ఒంటరిగా దిగి వచ్చి, ఎడమకన్ను అరచేత్తో మూసుకుని, ఆమె వైపు కాసేపు చూశాడు.

"నీకు జుట్టు ఇంత నెరిసిందా అక్కా?" అన్నాడు.

మిగతా నలుగురిలో ఇద్దరు గింజలు తీయించుకున్నారు. ఇద్దరు ఉంచుకున్నారు. ఉంచుకున్నవాళ్ళలో ఒకాయన నెలకోసారి ఫోను చేసి, లేపే మందు సంగతి ఏమైనా తెలిసిందా అని మర్యాదగా అడిగేవాడు.

వైశాఖం వచ్చేసరికి కేశవులు ఎడమకంట్లో ఆ మిగిలిందీ పోయింది. ప్రతి సోమవారం పరీక్షకు వచ్చే కేశవులు తొమ్మిదో వారం రాలేదు. మంగళవారం ఉదయం కుముదిని యార్డుకు వెళ్ళింది. ఎండ అప్పుడే రేకులమీద నుంచి దిగుతోంది. ఎర్రటి కుప్పల మధ్య, ముక్కుకు కొంగు చుట్టుకుని సుభాషిణి ముందుకు వంగి కాయలు ఎంచుతోంది. ఆమె ఒక రకం పేరు చెప్పింది. ఎదుటి వ్యాపారి తల ఊపి బస్తామీద గుర్తు వేయించాడు. పక్కనే బోర్లించిన బుట్టమీద కేశవులు కూర్చున్నాడు. అతని ముఖం కుప్పవైపు లేదు.

"మీ అక్కగారు" అంది సుభాషిణి తల ఎత్తకుండానే.

"రా అక్కా. పుస్తకం తెచ్చావా?"

తెచ్చింది. అతని పక్కన ఒక బస్తామీద కూర్చుని తెరిచింది.

"ఎప్పుడు పోయింది?"

"నిన్న. ఎనిమిదిన్నర దాటింది. టీ తాగి గ్లాసు ఇచ్చిన తరవాత. ఈసారి మాత్రం సరిగ్గానే చెబుతున్నా, రాసుకో. శనివారం నుంచీ అంచులు నల్లబడినయ్. ఆదివారం ఎరుపు పోయింది, అన్నీ బూడిదరంగు. నిన్న మొత్తం."

"నిన్ననే రావలసింది. ఫోనైనా చెయ్యలేదేం?"

"సరుకు దిగుతుంటే ఎక్కడికి పోయేది? ఈమెను ఒక్కదాన్ని వదిలి."

ఆమె తేదీ, వేళ రాసింది. పుస్తకంలో అంతకు మించి గళ్ళు లేవు. అయినా కలం ఎత్తకుండా అడిగింది.

"చివర ఏం చూశావురా?"

"సుభాషిణి మొహమని రాసుకో. సంతోషిస్తది."

"అబద్ధాలు రాయించకండి" అంది సుభాషిణి కొంగులోంచి.

కేశవులు చెయ్యి చాపి పక్కనున్న కుప్పను తడిమాడు.

"తాలు కాయ అక్కా. రంగుపోయి తెల్లబడిన కాయ ఒకటి కుప్పకు ఈపక్కన పడి ఉంది. తీసి అవతల పారేశా. మళ్ళా ఇటు తిరిగేసరికి కుప్ప లేదు."

కుముదిని ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంది.